ఆ తండ్రి చెక్కలేకపోయిన బొమ్మ

మైనంతో అతికించిన రెక్కలు కట్టుకుని సూర్యుడి దగ్గరిదాకా ఎగిరి సముద్రంలో పడిపోయిన కుర్రాడు ఇకారస్. రెండు వేల ఏళ్లకు పైగా కవులు అతని గురించి రాస్తూనే ఉన్నారు. చిత్రకారులు గీస్తూనే ఉన్నారు. శిల్పులు చెక్కుతూనే ఉన్నారు. పెద్దల మాట వినకపోతే ఏమవుతుందో చెప్పే నీతికథగానే మనలో చాలామందికి తెలుసు. కానీ ఆ బొమ్మల ముందు నిలబడి తీరిగ్గా చూస్తే కొడుకు కన్నా ముందు కనిపించేది... ఓ తండ్రి!

ఇటలీలో నేపుల్స్ నగరానికి దగ్గర్లో, సముద్రం ఒడ్డున క్యూమే అనే పాత ఊరి శిథిలాలున్నాయి. అక్కడి అపోలో దేవుడి గుడిని కట్టింది డెడలస్ అనే మహాశిల్పి అని రోమన్ మహాకవి వర్జిల్ తన 'ఈనియడ్' కావ్యంలో చెబుతాడు. క్రీస్తుపూర్వం 19లో కన్నుమూసేనాటికి ఆయన ఇంకా మెరుగులు దిద్దుతున్న కావ్యమది. ఆ గుడి తలుపుల మీద డెడలస్ తన జీవితంలోని ఘట్టాలన్నీ చెక్కాడట. క్రీట్ రాజ్యం, అక్కడి వింత మృగం, దానికోసం తాను కట్టిన చిక్కుదారుల కోట... అన్నీ ఉన్నాయి. ఒక్కటి తప్ప. కన్నకొడుకు ఆకాశం నుంచి పడిపోయిన ఘట్టం. దాన్ని బంగారంలో మలచాలని రెండుసార్లు మొదలుపెట్టాడు. రెండుసార్లూ చేతులు వాలిపోయాయి.

తండ్రి వదిలేసిన ఆ బొమ్మను పూర్తిచేయడానికి ఆ తర్వాత ఎందరు చేయి వేశారో! పాంపే నగరపు గోడల మీద పేరు తెలియని పనివాళ్లు, ఇరవై ఒక్కేళ్ల ఇటలీ కుర్రాడు, కుంచె పట్టలేక కత్తెర పట్టుకున్న ఫ్రెంచి పెద్దాయన... ఒక్కొక్కరూ ఆ కథను ఒక్కో క్షణం దగ్గర ఆపి చూశారు.

ఈకలూ దారం మైనం

ఇంతకీ కథేంటంటే... డెడలస్‌ది ఏథెన్స్. మనకు మయుడు ఎలాగో గ్రీకులకు ఆయన అలాగ. రాయి, చెక్క, లోహం ఏది చేతికిచ్చినా అద్భుతం చేస్తాడని పేరు. ఓ నేరం చేసి సొంతూరు విడిచి రావాల్సి వచ్చింది. క్రీట్ దీవికి చేరుకుని మైనోస్ రాజు కొలువులో కుదిరాడు. ఎద్దు తల, మనిషి ఒళ్లు ఉన్న మినోటార్ అనే మృగాన్ని బంధించడానికి రాజుకి ఓ కట్టడం కావాల్సి వచ్చింది. లోపలికి వెళ్లడమే తప్ప బయటికి దారి దొరకని పద్మవ్యూహం లాంటి కోటను కట్టిచ్చాడు డెడలస్. అదే లాబిరింత్.

అంతటి పనిమంతుణ్ని ఏ రాజు వదులుకుంటాడు? డెడలస్‌నీ అతని కొడుకు ఇకారస్‌నీ దీవి దాటనివ్వలేదు మైనోస్. ఓడలన్నిటి మీదా కాపలా. నేలకూ నీటికీ కాపలా పెట్టిన రాజు ఆకాశానికి మాత్రం పెట్టలేడు కదా అనిపించింది డెడలస్‌కి. పక్షుల ఈకలు పోగుచేశాడు. చిన్న ఈక పక్కన కాస్త పెద్ద ఈక చొప్పున వరుసగా పేర్చాడు. మధ్యలో దారంతో కట్టి, మొదళ్లను మైనంతో అతికించాడు. పక్షి రెక్కలాగే వాటిని కొద్దిగా వంచాడు.

ఈ కథను అందరికన్నా వివరంగా చెప్పింది రోమన్ కవి ఓవిడ్. క్రీస్తుపూర్వం 43లో పుట్టిన ఆయన పదిహేను భాగాలుగా రాసిన 'మెటమార్ఫసిస్' కావ్యంలో ఎనిమిదో భాగంలో ఉంటుందిది. తండ్రి రెక్కలు కడుతుంటే పిల్లాడు ఏం చేస్తున్నాడో కూడా రాశాడు ఓవిడ్. గాలికి ఎగిరిపోతున్న ఈకల వెంట పరిగెడుతున్నాడు. మైనాన్ని బొటనవేలితో నొక్కి మెత్తగా చేస్తున్నాడు. పని సాగనివ్వడం లేదు. తనకు ప్రాణం మీదికి తెచ్చే వస్తువుతోనే ఆడుకుంటున్నాడని వాడికి తెలీదు. పనిచేసుకునే నాన్న పక్కన చేరి సామాన్లన్నీ చిందరవందర చేసే పిల్లలు ఏ కాలంలోనైనా ఒకటేనేమో!

ఎగిరే ముందు తండ్రి జాగ్రత్తలు చెప్పాడు. మరీ పైకి వెళ్తే ఎండకు మైనం కరుగుతుంది. అందరికీ గుర్తున్నది ఇదే. కానీ ఆయన చెప్పింది రెండు మాటలు. మరీ కిందికి దిగితే సముద్రపు తడికి ఈకలు బరువెక్కుతాయి, కాబట్టి మధ్యలోనే ఎగరమన్నాడు. చెబుతూ చెబుతూ కొడుక్కి రెక్కలు కడుతుంటే ముసలి చేతులు వణికాయి. చెంపలు తడిశాయి. ఎగిరాక కూడా, పిల్లను మొదటిసారి గూట్లోంచి బయటికి తెచ్చిన తల్లిపక్షిలా వెనక్కి తిరిగి తిరిగి చూసుకున్నాడు.

కాసేపటికి కుర్రాడికి ఎగరడంలోని మజా తెలిసొచ్చింది. తండ్రి వెనకాల వెళ్లడం మానేసి పైకి... ఇంకా పైకి. మైనం కరిగింది. ఈకలు రాలిపోయాయి. వట్టి చేతులు ఆడించాడు. తండ్రిని పిలుస్తూనే నీళ్లలో పడిపోయాడు. డెడలస్ పేరు పెట్టి పిలుస్తూ వెతికాడు. అలల మీద ఈకలు కనిపించాయి. అప్పుడు ఆయన తిట్టుకున్నది కొడుకుని కాదు, తన పనితనాన్ని!

కొమ్మ మీది పిట్ట

నీతికథ ఇక్కడితో అయిపోతుంది. ఓవిడ్ మాత్రం ఆగలేదు. తండ్రి కొడుకుని మట్టిచేస్తుంటే ఓ కౌజుపిట్ట చూసి రెక్కలు టపటపలాడించిందనీ, సంతోషంతో కూసిందనీ రాశాడు. ఓ పిట్టకి అంత పగ ఏమిటి?

డెడలస్ ఏథెన్స్ వదలడానికి కారణమైన నేరం ఇక్కడ బయటపడుతుంది. ఆయన దగ్గర పని నేర్చుకోమని చెల్లెలు తన కొడుకుని పంపింది. పేరు పెర్డిక్స్. పన్నెండేళ్లవాడు. చేప వెన్నెముకను చూసి రంపాన్ని కనిపెట్టాడు. రెండు ఇనుప కాళ్లను కలిపి, గుండ్రంగా గీత గీసే వృత్తలేఖినిని తయారుచేశాడు. తనను మించిపోతున్నాడన్న అసూయతో మేనమామే వాణ్ని ఎత్తైన కోట మీది నుంచి తోసేశాడు. ఎథీనా దేవత జాలిపడి గాల్లోనే పిట్టగా మార్చింది. అందుకే కౌజుపిట్ట ఎత్తుకు ఎగరదనీ, చెట్టు మీద గూడు కట్టకుండా నేల మీదే గుడ్లు పెడుతుందనీ ఓవిడ్ చెబుతాడు. పడిపోయిన భయం దానికి ఇంకా గుర్తుందట.

అంటే... చెల్లెలి కొడుకుని పైనుంచి తోసేసినవాడి కన్నకొడుకు పైనుంచి పడిపోయాడు. ఇది తెలిశాక కథ బరువంతా కొడుకు మీంచి తండ్రి మీదికి మళ్లుతుంది. ఎగరాలన్న పిల్లాడి సరదా చిన్న తప్పయిపోతుంది.

ఎగరకముందు

ఇటలీ శిల్పి ఆంటోనియో కనోవా ఎంచుకున్నది ఎగరకముందు క్షణాన్ని. 1757లో పుట్టిన కనోవాకి నాలుగేళ్ల వయసులోపే తండ్రి పోయాడు. పెంచింది రాళ్లు చెక్కే తాతయ్య. 'డెడలస్ అండ్ ఇకారస్' పాలరాతి శిల్పాన్ని 1779లో పూర్తిచేసేనాటికి అతనికి ఇరవై ఒక్కేళ్లు. ప్రస్తుతం వెనిస్‌లోని కొరెర్ మ్యూజియంలో ఉందది.

ముసలి తండ్రి కొడుకు భుజానికి రెక్కను తాడుతో కడుతుంటాడు. ఒళ్లు ముడతలు పడింది, కండ జారింది. కళ్లన్నీ ఆ ముడి మీదే. పక్కనే నునుపైన ఒంటితో కొడుకు. మెడ తిప్పి రెక్కను చూసుకుంటూ మురిసిపోతుంటాడు. కొత్త చొక్కా తొడిగించుకుంటున్న పిల్లాడి మొహంలో ఉండే సంబరమే అది. వాళ్ల కాళ్ల దగ్గర సుత్తి, ఉలి పడి ఉంటాయి. రెక్కలు కట్టడానికి సుత్తీ ఉలీ ఎందుకూ అనిపించొచ్చు. అవి శిల్పి పనిముట్లు. డెడలస్‌వీ అవే, కనోవావీ అవే, అతణ్ని పెంచిన తాతయ్యవీ అవే.

పడిపోతున్నప్పుడు

రూబెన్స్ తీసుకున్నది మరీ కఠినమైన క్షణం. స్పెయిన్ రాజు నాలుగో ఫిలిప్ మాడ్రిడ్ దగ్గర ఉన్న తన వేట విడిదికి ఓవిడ్ కథల చిత్రాలు కావాలన్నాడు. అరవైకి పైగా చిత్రాల పని అది. 1636లో రూబెన్స్ వాటికి చిన్న చిన్న నమూనాలు వేసిస్తే మిగతా చిత్రకారులు పెద్దవి చేశారు. ఇకారస్ నమూనా బ్రసెల్స్‌లోని రాయల్ మ్యూజియంలో ఉంది. దాన్ని చూసి యాకోబ్ పీటర్ గోవీ వేసిన పెద్ద చిత్రం మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉంది.

ఇందులో కొడుకు తలకిందులుగా పడుతుంటాడు. తండ్రి ఇంకా ఎగురుతూనే ఉంటాడు. ఆయన రెక్కలు బాగానే ఉన్నాయి. ఎక్కడా లోపం లేదు. పడిపోతున్న కొడుకుని చూడగలడు తప్ప పట్టుకోలేడు. ఈ నమూనా గీసేనాటికి పదమూడేళ్ల కిందట, 1623లో, రూబెన్స్ పెద్ద కూతురు క్లారా సెరీనా చనిపోయింది. ఆ పిల్లకి అప్పుడు పన్నెండేళ్లు.

రెండు కాళ్లు కనిపించాయా?

ఇకారస్ చిత్రాలన్నింటిలోకీ ప్రసిద్ధమైనది మాత్రం పీటర్ బ్రూగెల్ పేరుతో ఉన్న 'ల్యాండ్‌స్కేప్ విత్ ద ఫాల్ ఆఫ్ ఇకారస్'. ఇదీ బ్రసెల్స్‌లోని రాయల్ మ్యూజియంలోనే ఉంది. 1912లో కొన్నారు. బ్రూగెల్ 1560 ప్రాంతంలో వేసిన అసలు చిత్రం పోయిందనీ, ఇది దానికి నకలు కావచ్చనీ చాలామంది పరిశోధకుల అభిప్రాయం. ఎవరు గీసినా ఊహ మాత్రం బ్రూగెల్‌దే అంటారు.

మొదటిసారి చూసినవాళ్లకి ఇందులో ఇకారస్ కనిపించడు. ముందు ఎర్రచేతుల చొక్కా వేసుకున్న రైతు నాగలి దున్నుతుంటాడు. కాస్త కింద గొర్రెల కాపరి కర్రకు ఆనుకుని ఆకాశంలోకి చూస్తుంటాడు. నీటి ఒడ్డున ఒకడు గాలం వేస్తుంటాడు. దూరంగా పచ్చటి సముద్రం, తెల్లటి కొండలు, తెరచాపలు నిండుగా విప్పుకున్న ఓడ. అంతా ప్రశాంతంగా ఉంటుంది. ఆ ఓడకీ ఒడ్డుకీ మధ్య, కుడివైపు మూలన, నీళ్లలో కొట్టుకుంటున్న రెండు చిన్న కాళ్లు! ఇకారస్ అంటే అంతే.

రైతు, కాపరి, జాలరి... ముగ్గురూ ఓవిడ్ కథలోనివాళ్లే. కానీ అక్కడ వాళ్లు ఎగిరే మనుషుల్ని చూసి, దేవతలేమో అనుకుని నోరెళ్లబెడతారు. బ్రూగెల్ దాన్ని తలకిందులు చేశాడు. ఇక్కడ ఎవరి పనిలో వాళ్లున్నారు. చనిపోతున్నవాడి కోసం ఏ నాగలీ ఆగదని ఆ ప్రాంతంలో ఓ సామెత ఉంది. జాలరి పక్కన కొమ్మ మీద మాత్రం ఒక పిట్ట కూర్చుని ఉంటుంది. అదే... పెర్డిక్స్!

మరి తండ్రేడీ? ఈ చిత్రంలో లేడు. కాపరి తలెత్తి చూస్తున్న చోట ఖాళీ ఆకాశమే ఉంటుంది. బ్రసెల్స్‌లోనే వాన్ బ్యూరెన్ మ్యూజియంలో ఇదే చిత్రానికి ఇంకో రూపం ఉంది. అందులో ఆ చోట రెక్కలతో ఎగురుతున్న డెడలస్ కనిపిస్తాడు. కాపరి చూస్తున్నది ఆయన్నే. ఎగిరే వింతను చూస్తున్నాడు తప్ప, వెనకాల మునిగిపోతున్న పిల్లాణ్ని కాదు.

ఈ చిత్రాన్ని కథల్లోంచి పత్రికల కాలంలోకి తెచ్చింది ఆంగ్లకవి ఆడెన్. యూరప్ రెండో ప్రపంచ యుద్ధానికి చేరువవుతున్న 1938 డిసెంబరులో ఆయన బ్రసెల్స్‌లో ఉన్నాడు. అక్కడ రాసిన 'మ్యూజే దె బోజార్' కవితలో ఒకరి ప్రాణం పోతున్న వేళ మిగతా లోకం మామూలుగా నడిచిపోవడం గురించి మాట్లాడాడు. అమెరికా కవి విలియం కార్లోస్ విలియమ్స్ కూడా ఇదే చిత్రం మీద కవిత రాశాడు. అది ఉన్న సంపుటికి 1963లో పులిట్జర్ బహుమతి వచ్చింది. రోడ్డు మీద ప్రమాదం జరిగితే ఆగకుండా సాగిపోయే బళ్లను చూసినవాళ్లెవరికైనా ఆ రెండు కాళ్లు గుర్తురాక మానవు.

ఏడ్చినవాళ్లు, చూసినవాళ్లు

బ్రూగెల్ లోకం పట్టించుకోలేదంటే, 1898లో బ్రిటన్ చిత్రకారుడు హెర్బర్ట్ డ్రేపర్ ఏడ్చేవాళ్లను తెచ్చాడు. లండన్ టేట్ మ్యూజియం దగ్గరున్న 'ద లామెంట్ ఫర్ ఇకారస్'లో సముద్రకన్యలు కుర్రాణ్ని బండ మీదికి చేర్చి దుఃఖిస్తుంటారు. చిత్రం నిండా పరుచుకున్న గోధుమరంగు రెక్కలు చెక్కుచెదరకుండా ఉంటాయి. ఇంత అందమైన రెక్కలుండీ పడిపోయాడే అనిపించేలా! 1900లో పారిస్ ప్రదర్శనలో దీనికి బంగారు పతకం వచ్చింది.

ఫ్రెంచి చిత్రకారుడు మాటిస్ కథ వేరు. 1941లో క్యాన్సర్‌కి పెద్ద ఆపరేషన్ అయ్యాక ఎక్కువ సమయం మంచానికీ చక్రాల కుర్చీకీ పరిమితమయ్యాడు. నిలబడి కుంచె పట్టడం కష్టమైంది. రంగు కాగితాలు తీసుకుని కత్తెరతో బొమ్మలు కత్తిరించడం మొదలుపెట్టాడు. అలా వచ్చిన 'జాజ్' పుస్తకం 1947లో అచ్చయింది. అందులోని ఇకారస్ ఓ నల్లటి ఆకారం. చుట్టూ నీలం, పసుపుపచ్చ నక్షత్రాలు. అవి నక్షత్రాలు కావు, యుద్ధంలో పేలుతున్న గుండ్లని కూడా కొందరంటారు. గుండె దగ్గర ఓ చిన్న ఎర్రచుక్క. చూసేవాళ్లకి అతను పడుతున్నాడో, నాట్యమాడుతున్నాడో చప్పున తేలదు.

ఇక మార్క్ షగాల్... 1974-77 మధ్య, తొంభై ఏళ్లకు చేరువలో ఉండి 'ఫాల్ ఆఫ్ ఇకారస్' వేశాడు. పారిస్‌లోని పాంపిడూ సెంటర్‌లో ఉందది. ఇందులో ఇకారస్ సముద్రంలో కాదు, ఓ పల్లెటూరి మీద పడుతుంటాడు. ఊరు ఊరంతా ఇళ్లలోంచి బయటికొచ్చి, కప్పులెక్కి, చేతులెత్తి చూస్తుంటుంది. బ్రూగెల్ చిత్రంలో తల తిప్పనివాళ్లందరి బదులూ ఇక్కడ వీళ్లు చూస్తున్నట్టుంటుంది.

మన సంపాతి

సూర్యుడి దగ్గరికి ఎగిరి రెక్కలు కాల్చుకున్న కథ మనకీ ఉంది. రామాయణం కిష్కింధకాండలో సీత జాడ తెలియక సముద్రం ఒడ్డున నీరసించి కూర్చున్న వానరులకి సంపాతి ఎదురవుతాడు. తనకు రెక్కలు ఎలా పోయాయో చెబుతాడు. వయసులో ఉండగా సంపాతి, తమ్ముడు జటాయువు పందెం వేసుకుని సూర్యుడి వైపు ఎగిరారు. ఎండవేడికి తమ్ముడు సొమ్మసిల్లబోతుంటే అన్న తన రెక్కలు చాచి గొడుగు పట్టాడు. తమ్ముడు బతికాడు. అన్న రెక్కలు కాలిపోయి వింధ్య పర్వతం మీద పడ్డాడు.

రెండు కథల్లోనూ అదే సూర్యుడు, అదే కుర్రతనం, అదే ఎగరాలన్న ఆశ. తేడా ఒక్కటే. సంపాతి తమ్ముడికి అందేంత దగ్గర్లో ఉన్నాడు. అందుకే అడ్డుపడగలిగాడు. డెడలస్ ముందు ఎగురుతున్నాడు, కొడుకు వెనక. తిరిగి చూసేలోపు అయిపోయింది. వానరులకి సీత జాడ చెప్పిన సంపాతికి చివర్లో కొత్త రెక్కలు మొలుస్తాయి. ఇకారస్ కథలో ఆ ఊరట లేదు.

పైకెళ్తే చలి కదా!

ఈ కథ చెబితే ఈకాలం పిల్లలు అడిగే మొదటి ప్రశ్న ఇదే. నిజమే. నేల నుంచి పైకి వెళ్లేకొద్దీ కిలోమీటరుకి సగటున ఆరున్నర డిగ్రీల చొప్పున వేడి తగ్గుతుంది. తేనెమైనం కరగాలంటే దాదాపు 62 నుంచి 64 డిగ్రీల సెల్సియస్ కావాలి. లెక్క ప్రకారమైతే ఇకారస్ వణికిపోవాలి కానీ రెక్కలు కరగకూడదు.

లెక్క సంగతి అలా ఉంచి, ఆ ప్రయాణాన్ని నిజంగానే చేసి చూపించినవాళ్లున్నారు. అమెరికాలోని ఎంఐటీ ఇంజినీర్ల బృందం కేవలం మనిషి కాలి బలంతో ఎగిరే విమానాన్ని తయారుచేసింది. బరువు 31 కిలోలు. రెక్కల పొడవు ఈ కొస నుంచి ఆ కొసకి 34 మీటర్లు. దానికి పెట్టిన పేరు... 'డెడలస్'. 1988 ఏప్రిల్ 23న గ్రీకు సైక్లింగ్ చాంపియన్ కనెలోస్ కనెలోపౌలోస్ పెడల్ తొక్కుతూ క్రీట్ దీవి నుంచి బయల్దేరాడు. నీటికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఎగురుతూ 3 గంటల 54 నిమిషాల్లో సుమారు 115 కిలోమీటర్లు దాటి సాంటొరిని దీవికి చేరాడు. ఇంకో కొద్ది మీటర్లలో ఒడ్డు అనగా ఎదురుగాలి కొట్టి తోక విరిగింది. విమానం సముద్రంలో పడిపోయింది. కనెలోపౌలోస్ మాత్రం ఈదుకుంటూ ఒడ్డెక్కాడు!

ఆకాశంలోనూ ఇకారస్ ఉన్నాడు. 1949లో వాల్టర్ బాడే కనిపెట్టిన ఓ గ్రహశకలం తిరుగుతూ తిరుగుతూ బుధగ్రహం కన్నా సూర్యుడికి దగ్గరగా వెళ్లొస్తుంటుంది. దానికి ఇంతకన్నా తగిన పేరు ఇంకేముంటుంది?

నేల మీద మిగిలిన పేరు మాత్రం ఓ దీవిది. కొడుకుని డెడలస్ మట్టిచేసిన చోటుగా చెప్పుకునే ఇకారియా దీవి గ్రీస్‌లో ఏజియన్ సముద్రానికి తూర్పున, సామోస్ దీవి పక్కన ఉంది. చుట్టూ ఉన్న నీళ్లను ఇకారియన్ సముద్రం అంటారు. తండ్రి కళ్లముందే పోయిన కుర్రాడి పేరు పెట్టుకున్న ఆ దీవి, తొంభై దాటినా చలాకీగా తిరిగే ముసలివాళ్లకు పేరుపడింది. కొడుకుల్నీ, కూతుళ్లనీ, మనవల్నీ పెద్దవాళ్లుగా చూసుకున్న తాతలు అక్కడ సాయంత్రం పూట ఆ సముద్రం వైపు చూస్తూ కూర్చుంటారు. డెడలస్‌కి దక్కనిదల్లా అదే.